కుక్కకి చన్నుల దగ్గర గడ్డ తగిలిందా? చూసిన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా ఏం చేయాలె

మా బుజ్జి పొమేరియన్, తెల్లది, అప్పటికి తొమ్మిదేండ్లు. ఒక ఆదివారం స్నానం పోసి టవల్‌తో తుడుస్తుంటే మా ఆమె చెయ్యి టక్కున ఆగింది. వెనక కాళ్ల దగ్గర, చివరి చన్ను పక్కన, శనగగింజంత గట్టిది ఏదో ఉంది. "ఇగో ఇక్కడ పట్టి చూడు" అన్నది. పట్టి చూసిన, అటు ఇటు జారుతుంది, నొక్కినా బుజ్జి ఏం అంటలేదు, మంచిగ తింటుంది, పాలాయన బండి సప్పుడైతే గేటు కాడికి ఉరుకుతుంది, ఇగ దీనికేం రోగం అనుకుని ఊకున్న. తర్వాత ఒక డాక్టర్‌కి చూపిస్తే చేత్తో పట్టి చూసి కొవ్వు గడ్డ లెక్క ఉంది, కొన్ని రోజులు చూద్దాం అన్నడు. ఆరు నెలలు చూసినం. శనగగింజ నిమ్మకాయ అయ్యింది.

అప్పుడు ఆపరేషన్ చేయించినం, గడ్డ తీసిండ్రు, తీసిన గడ్డని అక్కడే డస్ట్‌బిన్‌లో వేసిండ్రు. దాన్ని ల్యాబ్‌కి పంపాలని వాళ్లు చెప్పలె, అడగాలని నాకు తెల్వదు. ఏడాదిన్నరకి రెండో పక్క ఇంకో రెండు గడ్డలు వచ్చినయి, ఈసారి హైదరాబాద్‌లో చూసిన డాక్టర్ మేడమ్ అడిగిన మొదటి మాట, పాత గడ్డ రిపోర్టు ఏది అని. నా దగ్గర ఏం లేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్న. నేను డాక్టర్‌ని కాదు, హన్మకొండలో బట్టల షాపు నడుపుకునేటోన్ని, కానీ ఇదే పని రెండుసార్లు చేసిన, ఒకసారి తప్పుగా, ఒకసారి కరెక్టుగా.

ముందు ఇంట్లోనే సరిగ్గా చూడండి

ఆడకుక్కకి మామూలుగా ఐదు జతల చన్నులు ఉంటయి, అంటే పది, కొన్నిటికి ఎనిమిదే ఉంటయి. ఛాతీ కాడి నుంచి తొడల సందుదాకా రెండు వరుసలు. గడ్డలు ఎక్కువగా వచ్చేది వెనక ఉన్న రెండు జతల్లో, ఎందుకంటే పాలు తయారయ్యే కండ అక్కడే ఎక్కువ. మనం నిమిరేదేమో తల, వీపు. అందుకే తొందరగా చేతికి తగలదు.

కుక్కని వెల్లకిలా పండుకోబెట్టండి, లేదంటే ఒడిలో పక్కకి వాల్చుకోండి. గోర్లతో కాదు, వేళ్ల మెత్తటి భాగంతో, పై చన్ను నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క దాని చుట్టూ తోలుని బొటనవేలు చూపుడువేలు మధ్యలకు తీసుకుని మెల్లగా రుద్దినట్టు చూడాలె, మిషన్ కుట్టు ముందు బట్టలో పోగు ఎక్కడ ముడి పడ్డదో చూస్తం కదా అట్ల. చన్ను కిందనే కాదు, రెండు చన్నుల మధ్యల జాగ, చివరి చన్నుకి తొడకి మధ్యల మెత్తగా ఉండే జాగ, అది అసలు వదలొద్దు. తర్వాత ముందుకాళ్ల చంకల్లో, వెనక తొడల సందులో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కట్టినయా చూడండి. ముందు చన్నుల నుంచి రోగం పాకితే చంక బిళ్లలకి పోతది, వెనక చన్నుల నుంచి అయితే తొడ సందు బిళ్లలకి పోతది.

గడ్డ దొరికితే కాగితం మీద రెండు నిలువు వరుసల్లో ఐదైదు సున్నాలు గీసి, ఎడమ 4, కుడి 5 అని ఎక్కడుందో గుర్తు పెట్టండి, తేదీ రాయండి. పది రూపాయల బిళ్ల పక్కన పెట్టి ఫోన్‌లో ఫోటో తీయండి. ఆ బిళ్ల అడ్డం 27 మిల్లీమీటర్లు, అంటే 3 సెంటీమీటర్లకి జర తక్కువ. డాక్టర్లు ఈ గడ్డల్ని లెక్కగట్టేది సైజు మీదనే, 3 సెంటీమీటర్ల లోపు ఒక మెట్టు, 3 నుంచి 5 రెండో మెట్టు, 5 దాటితే మూడో మెట్టు. క్యాన్సరే అయినా 3 లోపు ఉండంగ తీస్తే తర్వాత మంచిగుండే అవకాశం ఎక్కువ. అంటే గడ్డ పది రూపాయల బిళ్లంత అయ్యేదాకా కూర్చున్నమంటే మంచి టైమంతా మనమే పోగొట్టుకున్నట్టు. ఈ ఫోటో ఉంటే పోయిన నెలకంటే పెరిగిందా అని ఇంట్లో కొట్లాట కూడా ఉండదు, మా ఇంట్లో అయ్యింది అందుకే చెప్తున్న.

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, కానీ చేత్తో పట్టి చెప్పే మొనగాడు ఎవరూ లేరు

కుక్కల చన్నుల గడ్డల్లో సుమారు సగం మామూలువి, సగం చెడ్డవి అని డాక్టర్లు మోటుగా చెప్పే లెక్క, ఆ చెడ్డవాటిలో కూడా దాదాపు సగమే వేరే జాగలకి పాకుతయి. (పిల్లులకు ఇట్ల కాదు, వాటికి వచ్చే వాటిలో చాలా ఎక్కువ శాతం చెడ్డవే, పిల్లి ఉన్నోళ్లు ఒక్కరోజు కూడా ఆగొద్దు.)

గడ్డ లెక్క కనిపించే వేరేవి కూడా ఉన్నయి. హీట్ (ఎదకొచ్చుడు) అయిపోయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొన్ని కుక్కలకి ఉత్తుత్తి సూలు వస్తది, పిల్లలు లేకున్నా చన్నులు ఉబ్బి పాలు వస్తయి, బొమ్మల్ని తెచ్చి పక్కల పెట్టుకుని కాపలా కాస్తది. ఆ ఉబ్బు రెండు పక్కలా ఒకే తీరు ఉంటది, మెత్తగా ఉంటది, కొన్ని వారాల్లో తగ్గుతది. ఈని పాలిచ్చే కుక్కకి చన్నుల్లో చీము పట్టొచ్చు, వేడిగా ఉంటది, ముట్టుకోనియ్యదు, జ్వరం ఉంటది. బొడ్డు కాడ, తొడ సందులో హెర్నియా ఉంటది. ఉత్త కొవ్వు గడ్డలు ఉంటయి. గోమారి (పిడుదు) కరిచిన కాడ చిన్న బుడిపె మిగిలిపోతది. ఇంకోటి మాస్ట్ సెల్ ట్యూమర్ అని తోలు క్యాన్సర్, అది కూడా చన్ను పక్కనే వచ్చి మోసం చేస్తది.

మరి రాయి లెక్క గట్టిగా ఉంటే చెడ్డదేనా అంటే అదీ గ్యారంటీ లేదు. మిక్స్‌డ్ ట్యూమర్ అని కుక్కలకి మామూలుగా వచ్చే ఒక రకంలో లోపల మెత్తటి ఎముక, ఒక్కోసారి నిజం ఎముకే తయారైతది, చేతికి గులకరాయి తగిలినట్టే ఉంటది, అయినా చాలాసార్లు అది మామూలుదే. ఇటు మెత్తగా జారుతున్న చిన్న గడ్డ చెడ్డది కావొచ్చు.

ఈ గుర్తులుంటే రేపు కాదు, ఇయ్యాల్నే పోండి

నెల లోపల కళ్ల ముందే పెరిగిపోవుడు, తోలుకో కిందున్న కండకో అతుక్కుని కదలకపోవుడు, పుండు పడి రక్తం చీము కారుడు, చన్ను నుంచి రక్తం లెక్క నీళ్లు, దగ్గు, ఆయాసం, ఊకె నాకుడు, వెనక కాలు వాచుడు. పుండు పడ్డదానికి మన దగ్గర ఇంకో ముప్పు ఉంది, ఈగలు వాలి రెండు రోజుల్లో పురుగులు పడ్తయి, వానాకాలం అయితే చెప్పనవసరం లేదు.

అన్నిటికంటే భయం పెట్టేది ఒకటుంది, ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమా అంటరు. ఇది కూడా చన్నుల క్యాన్సరే, కానీ గడ్డ లెక్క ఉండదు, చన్నుల వరుస మొత్తం ఎర్రగా, వేడిగా, పలకలాగ గట్టిపడి, ముట్టుకుంటే అరుస్తది, కాలు నీరు పడ్తది. చూసేటోళ్లకి చీము పట్టిందనో, తోలు అలర్జీ అనో అనిపిస్తది. ఈనలేదు, పాలు ఇస్తలేదు, యాంటీబయాటిక్ కోర్సు వాడినా తగ్గలేదు అంటే దీని గురించి డాక్టర్‌ని నోరు తెరిచి అడగండి, ఎందుకంటే దీనికి మామూలు లెక్క ఆపరేషన్ చేయరు, కోసినా లాభం ఉండదు, నొప్పి తగ్గించే మందులతోనే చూసుకోవాలె.

ఇంటి వైద్యం బంద్ పెట్టండి

గడ్డ అనంగనే మన ఊర్లల్ల సున్నం బెల్లం కలిపి పట్టు వేస్తరు. కుక్క తోలు పల్చగా ఉంటది, కాలి పుండైతది. వేడి కాపడం వద్దు, పిసుకుడు వద్దు, సూదితో పొడిచి చీము తీసుడు అసలే వద్దు. మెడికల్ షాపుల మనకిచ్చే నొప్పి గోళీలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కకి వేస్తే కడుపుల పుండ్లు పడి రక్తం కక్కుతది, కిడ్నీలు పోతయి. ఏ గడ్డో తేల్చకుండనే స్టెరాయిడ్ ఇంజక్షన్ వేసి "తగ్గిపోతది" అంటే ఎందుకు సార్ అని అడగండి. కొన్ని గడ్డలు దానికి కొన్ని రోజులు చిన్నగైనట్టు కనిపిస్తయి, మనం సంబరపడి ఇంటికొస్తం, టెస్టు కూడా తర్వాత తికమక పడ్తది.

ఎక్కడికి పోవాలె, ఏం అడగాలె

వరంగల్‌లో మనకి మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది, జగిత్యాల అటువైపు ఉన్నోళ్లకి కోరుట్లల ఉంది, రెండూ పీవీ నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ కిందివే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెద్ద కాలేజీ. ప్రైవేటు క్లినిక్‌లు హన్మకొండల చాలానే అయినయి ఇప్పుడు. ఎక్కడికి పోయినా ముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి: ఛాతీ ఎక్స్‌రే తీస్తరా, రక్తపరీక్ష అక్కడే అయితదా, గ్యాస్ మత్తు ఉందా ఇంజక్షన్ మత్తా, తీసిన గడ్డని బయాప్సీకి (ల్యాబ్‌ల పరీక్షకి) పంపుతరా. నాలుగోదానికి "అవసరం లేదు" అన్నరంటే నేనైతే ఇంకో జాగకి పోత.

హైదరాబాద్ పోవాల్సి వస్తే, కాజీపేట నుంచి రైల్లో కుక్కని మనతోటి సీటు కాడ కూర్చోబెట్టుకోనియ్యరు, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలె, లేకుంటే బ్రేక్ వ్యాన్‌ల డబ్బాలో వేస్తరు. ముసలి కుక్కకి ఎండాకాలం ఆ డబ్బా వద్దు. మేము తెల్లారగట్ల నాలుగింటికి కారుల బయలుదేరినం, జనగామ దాటినంక ఆపి నీళ్లు తాపినం, ఎండ ఎక్కకముందే చేరినం.

ఆపరేషన్‌కి ముందు టెస్టులు

సూదితో గడ్డలకెళ్లి కొంచెం గుంజి స్లైడు మీద చూస్తరు, ఎఫ్‌ఎన్‌ఏసీ అంటరు. ఇది కొవ్వు గడ్డ కాదు, చీము కాదు, మాస్ట్ సెల్ కాదు అని తెలుసుకునేటందుకు మంచిది, కానీ చన్ను గడ్డ మంచిదా చెడ్డదా అనేది దీంతో పక్కాగా తేలదు. "సూది టెస్టుల ఏం రాలే, ఇగ భయం లేదు" అని వెనక్కి రాకండి.

ఛాతీ ఎక్స్‌రే మూడు దిక్కులా తీయించాలె, కుడి పక్క పండుకోబెట్టి, ఎడమ పక్క పండుకోబెట్టి, వెల్లకిలా. ఒక పక్క పండుకున్నప్పుడు కింది ఊపిరితిత్తి నలిగి గాలి తగ్గుతది, దాంట్ల మచ్చ ఉన్నా కనపడదు, అందుకే ఒక్క ఫిల్ముతో సరిపెట్టొద్దు. ఊపిరితిత్తులకి అప్పటికే పాకి ఉంటే పెద్ద ఆపరేషన్ చేసి కుక్కని కష్టపెట్టుడు ఎందుకనే లెక్క వేరే ఉంటది. కడుపు స్కానింగ్ కూడా చెప్తే చేయించండి, గర్భసంచిల చీము ఉంటే దాంట్లనే తెలుస్తది.

రక్తపరీక్షల కిడ్నీ, లివర్ అందరూ చూస్తరు. మన దిక్కు ప్రత్యేకంగ చూడాల్సింది ప్లేట్‌లెట్లు. గోమార్లు లేని కుక్క మన దగ్గర ఎక్కడుంది చెప్పండి. గోమార్లతోటి వచ్చే ఎర్లికియా జ్వరం లోలోపల ఉండి ప్లేట్‌లెట్లు పడగొడ్తది, పైకి కుక్క మంచిగనే తిరుగుతది, కోసినంక రక్తం ఆగదు. మా బుజ్జికి రెండో ఆపరేషన్ ముందు ప్లేట్‌లెట్లు తక్కువొచ్చినయి, డాక్సీసైక్లిన్ కోర్సు వాడి, మళ్ల రక్తం చూసి, అప్పుడు డేట్ ఇచ్చిండ్రు. ఆ ఆగుడు వేరే, చూద్దాం అని ఆగుడు వేరే.

వయసు ఎక్కువ, మత్తుకి తట్టుకోదేమో అని చాలామంది వెనక్కి పోతరు. డాక్టర్లు చూసేది వయసు ఒక్కటే కాదు, గుండె, కిడ్నీ, రక్తం ఎట్లున్నయో చూస్తరు. అవి మంచిగుంటే పదకొండేండ్ల కుక్కకి కూడా చేస్తరు, మా దానికి చేసిండ్రు.

ఆపరేషన్‌ల ఏం తీస్తరు

గడ్డ ఎంతుంది, ఎక్కడుంది, ఎన్ని ఉన్నయి అనేదాన్ని బట్టి ఉంటది. కందిగింజంతది అయితే గడ్డ వరకే, కొంచెం పెద్దదైతే ఆ చన్ను మొత్తం, పక్కపక్కన ఉంటే రెండు మూడు చన్నులు కలిపి, ఒకే వరుసల చాలా ఉంటే ఆ పక్క వరుస మొత్తం. రెండు పక్కలా ఉంటే ఒకేసారి తీస్తే తోలు దగ్గరికి రాదు, కుట్లు తెగుతయి, అందుకే సాధారణంగా కొన్ని వారాలు గ్యాప్ ఇచ్చి రెండుసార్లు చేస్తరు. చివరి చన్ను తీసేటప్పుడు తొడ సందుల బిళ్ల కూడా దానితోటే వస్తది, అది కూడా ల్యాబ్‌కే పోవాలె.

గర్భసంచి తీయని కుక్క అయితే అదీ అదే మత్తుల తీస్తమంటరు. గడ్డ మళ్ల రాకుండ అది ఎంతవరకు ఆపుతదో డాక్టర్లల్ల ఒక్క మాట లేదు, కానీ ముసలి కుక్కలకి గర్భసంచిల చీము పట్టి ప్రాణం మీదికి వచ్చుడు మామూలే, ఆ గండం అయితే తప్పుతది. మేము తీయించినం.

ముందు రోజు రాత్రి నుంచి తిండి బంద్, నీళ్లు ఎప్పటిదాకా పెట్టాలో డాక్టర్ చెప్పిన టైమే పాటించండి. మా అమ్మ "ఆకలికి ఉంటదా బిడ్డా అది" అని పొద్దున్నే బిస్కెట్ పెట్టబోయింది, ఆపినం. మత్తుల కక్కితే ఊపిరితిత్తులల్లకి పోతది.

డబ్బా సంగతి

నా మటుకు ఈ మొత్తంల ముఖ్యమైన పని ఇదే. తీసిన గడ్డని ఎవరు పంపుతరు, ఏ ల్యాబ్‌కి, డబ్బా ఉందా అని ఆపరేషన్‌కి ముందు రోజే తేల్చుకోండి, ఆపరేషన్ అయినంక ఆ ఆగమాగంల ఎవరికీ గుర్తుండదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా, దాంట్ల 10 శాతం ఫార్మలిన్ (గడ్డ కుళ్లకుండ ఉంచే మందు), గడ్డ ఎంతుంటే దానికి పది రెట్లు మందు ఉండాలె. నీళ్లల్ల, సెలైన్‌ల, స్పిరిట్‌ల వేయొద్దు, ఫ్రీజర్‌ల పెట్టొద్దు, గడ్డకడితే లోపలి కణాలు పగిలి చూసేటందుకు ఏం మిగలదు. రెండు గడ్డలు తీస్తే రెండు డబ్బాలు, ఒక్కోదాని మీద ఎడమ 4, కుడి 5 అని పెన్నుతో రాయాలె, ఒకే కుక్కల ఒక గడ్డ మంచిది ఇంకోటి చెడ్డది ఉండుడు మామూలే. గడ్డని మొత్తంగ పంపాలె, ముక్క కోసి పంపితే అంచుల సంగతి తెల్వదు. పెద్దగుంటే మందు లోపలికి దిగేటట్టు డాక్టరే గాట్లు పెడ్తడు. జంతువుల పాథాలజిస్ట్ చూసే ల్యాబ్ అయితే మంచిది, మనుషుల రొమ్ము లెక్కలు కుక్కకి సరిపోవు.

మేడమ్ మాకు ఆ రెండు డబ్బాలు చేతికిచ్చింది. మూతలు బిగిచ్చి, టేప్ చుట్టి, రెండు కవర్లల్ల పెట్టుకుని నేనే పోయి ఇచ్చిన. ఒకదాంట్ల గడ్డ తెల్లగా, ఉడకబెట్టిన గుడ్డు లెక్క, ఒక పక్క గోధుమ రంగు. ఇంత చిన్నదానికా ఇన్ని రోజులు భయపడ్డం అనిపించింది, అంతలనే మొదటి నిమ్మకాయంతది డస్ట్‌బిన్‌ల పడ్డది గుర్తొచ్చింది.

ఇంటికొచ్చినంక

మొదటి రాత్రి కుయ్‌కుయ్ అంటది, మత్తు దిగేటప్పుడు కొంత ఉంటది, కానీ తెల్లారి కూడా మూలుగుతుంటే నొప్పి మందు సరిపోతలేదని ఫోన్ చేయండి. మెడకి కాలర్ రాత్రి కూడా తీయొద్దు, ఒక్క రాత్రి చాలు కుట్లన్నీ నాలుకతోనే విప్పేటందుకు. మేము పిల్లగాని పాత టీషర్ట్ ముందుకాళ్లకి తొడిగి, వెనక భాగం వీపు మీద ముడి వేసినం, గాయానికి ఈగ వాలకుండ ఉంటది, ఒంటికి పోయినప్పుడు ముడి విప్పాలె. కింద ఉతికిన పాత చీర, తడిస్తే వెంటనే మార్చాలె. మెట్లు, సోఫా ఎక్కుడు బంద్, స్నానం బంద్, గొలుసుతో ఐదు నిమిషాలు బయటికి చాలు.

మూడు నాలుగు రోజులకి గాయం కింద నీటి సంచి లెక్క ఉబ్బొచ్చు, మెత్తగా వేడి లేకుండ ఉంటే ఎక్కువసార్లు దానంతట అదే తగ్గుతది, ఫోటో పంపి అడగండి, మీరే సూది గుచ్చకండి. ఎర్రగా వేడిగా అయినా, వాసన వచ్చినా, అంచులు నల్లబడినా, కుట్లు విచ్చుకున్నా ఆలస్యం చేయొద్దు. కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజులకి విప్పుతరు.

రిపోర్టుల ఏం చూడాలె

ఇంగ్లీష్ చూసి భయపడకండి, నాలుగు ముక్కలు వెతకండి. పేరు: అడెనోమా, బినైన్ మిక్స్‌డ్ ట్యూమర్ అంటే మంచిది, కార్సినోమా, సార్కోమా అంటే చెడ్డది. గ్రేడ్: 1 నుంచి 3 దాకా, పెరిగిన కొద్దీ కోపం ఎక్కువ దానికి. మార్జిన్: తీసిన ముక్క అంచుదాకా క్యాన్సర్ ఉందా, శుభ్రంగ ఉందా. నాలుగోది, రక్తనాళాలల్లకి, లింఫ్ నాళాలల్లకి, బిళ్లకి పాకిందా. కార్సినోమా గ్రేడ్ 1, అంచులు శుభ్రం, ఎక్కడికీ పాకలేదు అంటే చాలా కుక్కలకి ఆ ఆపరేషనే సరిపోతది. గ్రేడ్ 3, బిళ్లకి పోయింది అంటే కీమో గురించి మాట్లాడ్తరు, డాక్సోరుబిసిన్, కార్బోప్లాటిన్ లాంటివి. కీమోతో ఎంత లాభం అనేది కుక్కల్లో ఇంకా గట్టిగా తేలలేదు, ఖర్చు, తిరుగుడు రెండూ ఉన్నయి. వద్దనుకున్నోళ్లని నేను తప్పు పట్టను.

బుజ్జికి రెండు డబ్బాలల్ల ఒకటి బినైన్ మిక్స్‌డ్, ఇంకోటి కార్సినోమా గ్రేడ్ 2, అంచులు శుభ్రం. ఆ గ్రేడ్ 2 కొత్తగ పుట్టిందా, పాత నిమ్మకాయ నుంచి వచ్చిందా అని అడిగితే మేడమ్ పాత రిపోర్టు లేకుండ చెప్పలేను అన్నది, అంతే.

అప్పటికే ఊపిరితిత్తులకి పాకినవాటికి, గుండె బాగలేనివాటికి, కోయకుండ నొప్పి మందు, పుండు శుభ్రం, ఇష్టమైన తిండితో చూసుకోవచ్చు. తినుడు మానేసి, ఊపిరికి కొట్టుకుంటుంటే డాక్టర్‌తోటి కూర్చుని నిద్ర ఇంజక్షన్ (బాధ లేకుండ కన్నుమూయించేది) మాట మాట్లాడుకోవాల్సి ఉంటది. ఆ మాట మొదట ఇంట్లో అందరూ కలిసి అనుకోండి, ఒక్కరి నెత్తిన పెట్టకండి.

ఇంట్లో చిన్న కుక్క ఉంటే

1969లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీ ఉంది, గర్భసంచి తీయించని ఆడకుక్కకి ఈ గడ్డల రిస్కుని నూరు అనుకుంటే, మొదటి హీట్‌కి ముందే గర్భసంచి తీయిస్తే 0.5, ఒక హీట్ తర్వాత 8, రెండు తర్వాత 26 అని. ఆ అంకెల మీద తర్వాతోళ్లు డౌట్లు పెట్టిండ్రు, అయినా తొందరగ చేయిస్తే మంచిదనేదే చాలామంది డాక్టర్ల మాట. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకి మరీ చిన్నప్పుడు చేస్తే కీళ్ల సమస్యలు వస్తయంటరు, వాటికి ఎప్పుడు చేయాలో అడిగి చేయించండి. హీట్ రాకుండ వేసే హార్మోన్ ఇంజక్షన్లు మాత్రం వేయించకండి, అవే ఈ గడ్డలకి దారి తీస్తయి.

ఆపరేషన్ అయినంక మొదటి ఏడాది మూడు నెలలకోసారి చెకప్, ఎక్స్‌రే ఎప్పుడెప్పుడో రిపోర్టుని బట్టి చెప్తరు. మేము ప్రతి నెల మొదటి ఆదివారం పెట్టుకున్నం. టవల్ తీస్తే బుజ్జి దానంతటదే వెల్లకిలా పడ్తది ఇప్పుడు, మా ఆమె పట్టి చూస్తది, నేను కాగితం మీద సున్నాలు గీస్త. పోయిన నెల అన్నీ ఖాళీనే ఉన్నయి.